ఇంట్లో తినే ఇడ్లీని బయట ముట్టని రెండున్నరేళ్ల బాబుకు డబ్బాలో ఏం పెట్టాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబుకు రెండున్నరేళ్లు. ఇంట్లో తినేవి నాలుగే: ఇడ్లీ, పెరుగన్నం, గుడ్డు, అరటిపండు. ఒంగోలు నుంచి నెల్లూరులోని పుట్టింటికి రైల్లో వెళ్లేటప్పుడు అవే డబ్బాలో పెట్టినా, మూత తియ్యగానే తల తిప్పేస్తున్నాడు. చివరికి చిప్స్ ప్యాకెట్‌తోనూ క్రీమ్ బిస్కెట్లతోనూ ప్రయాణం గడుస్తోంది. వచ్చే నెలలో పెంచలకోన గుడిలో మొక్కు ఉంది, ఆ మర్నాడు మైపాడు బీచ్. "కొత్తగా ఏం చేసి పెట్టమంటారు?" అని అడిగారు.

కొత్తగా ఏమీ చెయ్యొద్దు. కావలి దగ్గర ఒక పల్లెలో ఇరవై నాలుగేళ్లు అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను. ఇద్దరు బిడ్డల్ని పెంచాను, ఇప్పుడు మనవరాలిని చూసుకుంటున్నాను. బయట తినని పిల్లల తల్లులు చాలామంది చేసేది ఒకటే. ప్రయాణం రోజు పొద్దున్నే లేచి, వాడికి నచ్చుతుందేమోనని ఎన్నడూ పెట్టనిది ఏదో చేసి డబ్బా నింపుతారు. అది అలాగే ఇంటికి తిరిగొస్తుంది.

మీ బాబు తినే ఇడ్లీ ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మీ వంటింట్లో, వాడి పళ్లెంలో, గోరువెచ్చగా, వేలు పెడితే దిగబడేటంత మెత్తగా ఉంటుంది. అదే ఇడ్లీ రెండు గంటలు డబ్బాలో ఉంటే పైన చెమ్మ, లోపల గట్టిదనం వస్తాయి. మూత తీస్తే మగ్గిన వాసన వస్తుంది. మనకు అది చల్లారిన ఇడ్లీ. వాడికి మాత్రం ఎన్నడూ చూడని పదార్థం. పెరుగన్నం కూడా అంతే, అది పులిసి ముద్ద కట్టి ఉంటుంది. పైగా చుట్టూ రైలు చప్పుడు, కొత్త మొహాలు. చిప్స్ ఎందుకు తింటున్నాడంటే, ఆ ప్యాకెట్ ఇంట్లో విప్పినా రైల్లో విప్పినా ఒకే రుచి, ఒకే కరకర. అందుకే దాన్ని నమ్ముతాడు. మనం డబ్బాలో పెట్టే తిండి మీద కూడా ఆ నమ్మకం కలగాలి.

ఈ వయసులో తిండికి పేచీ పెట్టడం జబ్బు కాదు. బిడ్డ బరువు ఏడాది నిండేసరికి పుట్టినప్పటికి మూడింతలవుతుంది. రెండేళ్లు నిండేసరికి నాలుగింతలు. అంటే మొదటి ఏడాది ఆరు కిలోలు పెరిగిన బిడ్డ రెండో ఏడాది పెరిగేది మూడు కిలోలే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలి తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే నడక వచ్చి, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే ప్రమాదం మొదలవుతుంది కాబట్టి తెలియని తిండి మీద అనుమానం కూడా మొదలవుతుందని నిపుణులు చెబుతారు. ఈ అనుమానం రెండేళ్లప్పుడు బాగా ఉండి, ఐదారేళ్లకు చాలావరకు తగ్గిపోతుంది. మీ పెంపకంలో తప్పేమీ లేదు, ముందు ఆ టెన్షన్ తీసి పక్కన పెట్టండి.

మీకు నెల రోజులు టైముంది. డబ్బాను ఇంట్లోనే అలవాటు చెయ్యండి.

మొదట ఖాళీ డబ్బా వాడి చేతికివ్వండి. మూత వాడంతట వాడే తియ్యగలగాలి, ఇది ముఖ్యం. స్టీలు డబ్బాల్లో కొన్ని పెద్దవాళ్లకే గోళ్లు విరిగేంత బిగుతుగా ఉంటాయి, అవి వద్దు. లోపల రెండు మూడు అరలుంటే మంచిది. పెరుగు అంటిన ఇడ్లీని ముట్టని పిల్లలున్నారు, అరటిపండు చెమ్మ తగిలిందని గుడ్డు వదిలేసేవాళ్లూ ఉన్నారు. రెండు రోజులు వాడు అందులో రాళ్లు, గవ్వలు, ఏవైనా పెట్టుకుని ఆడుకోనివ్వండి, తర్వాత బాగా కడిగెయ్యండి. ఆ పైన రోజూ ఒక పూట చిరుతిండి పళ్లెంలో కాకుండా డబ్బాలోనే పెట్టండి. ఎనిమిదింటికి వేసిన ఇడ్లీ ఒకటి డబ్బాలో పెట్టి, పదింటికి, చల్లారాక ఇవ్వండి. మొదటి మూడు రోజులు ముట్టకపోవచ్చు. ఏమీ అనకండి, మూత పెట్టి తీసెయ్యండి. మళ్లీ మర్నాడు. పిల్లలు ఒక కొత్త రుచిని ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు చూడాల్సి రావచ్చు. మనం మూడుసార్లు చూసి "వీడికి ఇది పడదు" అని తేల్చేస్తాం.

ఇంట్లో తినడం మొదలుపెట్టాక చోటు మార్చండి. ఒకరోజు వీధి అరుగు మీద, ఇంకోరోజు డాబా మీద, తర్వాత దగ్గర్లో పార్కు గానీ గుడి గానీ ఉంటే అక్కడ. ఆదివారం సాయంత్రం కొత్తపట్నం బీచ్‌కు వెళ్లి, ఇసుకలో కూర్చోబెట్టి అదే డబ్బా ఇవ్వండి. నెల్లూరు రైలెక్కే రోజుకి ఆ డబ్బా వాడికి పాతదైపోయి ఉండాలి. మా కేంద్రంలో కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం గుడ్డు ముట్టేవాళ్లు కాదు. ఇంటి నుంచి వాళ్ల గిన్నె తెచ్చుకోమని అందులో పెడితే, సగం మంది తినేవాళ్లు. అన్నీ కొత్తగా ఉన్నచోట ఒక్క తెలిసిన వస్తువుంటే బిడ్డకు ధైర్యం వస్తుంది.

ఇక డబ్బాలో ఏం పెట్టాలి? చల్లారినా పెద్దగా మారనివి పెట్టాలి. బాబు తినే నాలుగింటినీ అలా మార్చుకోవచ్చు.

ఇడ్లీతో మొదలుపెడదాం. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ వేస్తారు కదా, పప్పు రుబ్బేటప్పుడు నానబెట్టిన అటుకులు గుప్పెడు వెయ్యండి. చల్లారాక కూడా ఇడ్లీ మెత్తగా ఉంటుంది. చిన్న ఇడ్లీల ప్లేటు ఉంటే సరే, లేకపోతే మామూలు ఇడ్లీనే వేలంత ముక్కలుగా కోయండి. వేడిగా ఉండగానే నెయ్యి రాసి, పళ్లెంలో ఆరనిచ్చి, ఆవిరంతా పోయాకే డబ్బాలో పెట్టండి. చాలామంది తొందరలో వేడివేడిగా మూత పెట్టేస్తారు. ఆ ఆవిరి నీళ్లై కారి, ఇడ్లీ జిగటగా అయిపోతుంది, తొందరగా పాడవుతుంది కూడా. కారప్పొడి లేనిదే మన ఇళ్లలో ఇడ్లీ దిగదు, కానీ వాడికి వేయించిన నువ్వులు, కాస్త ఉప్పు కలిపి మెత్తగా కొట్టిన పొడి నెయ్యిలో కలిపి పల్చగా రాయండి. ఇంట్లో అలవాటైతేనే సుమా.

ఇడ్లీ పిండితోనే అరచేతిలో సగముండే దోసెలు పోసి, చాపలా చుట్టి పెట్టొచ్చు. చల్లారిన దోసె సాగుతుంది కాబట్టి కరకరలాడేలా కాకుండా మెత్తగా, కాస్త మందంగా పొయ్యండి. ఇది బాగా నచ్చిన పిల్లలకు, నెల తర్వాత, అదే పిండిలో రెండు చెంచాల రాగిపిండి కలిపి చూడండి. రంగు కొంచెమే మారుతుంది, రుచి దాదాపు అదే. తెలిసిన దాన్నుంచి ఒక్క అడుగు పక్కకు వేస్తే పిల్లలు వెంట వస్తారు.

పెరుగన్నం విషయంలో మన పెద్దవాళ్లు చేసిన పద్ధతే మంచిది. అన్నం బాగా మెత్తగా ఉడికించి చిదిపి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ, పెరుగు ఒక్క చెంచా వేసి కలపండి. దారిలో అది నెమ్మదిగా తోడుకుంటుంది, తినే వేళకు పులుపు రాదు. కలిపేటప్పుడు పల్చగా కనిపించాలి, ఎందుకంటే అన్నం పాలు పీల్చుకుని గట్టిపడుతుంది. ఒకట్రెండు గంటల్లో తినిపించే పనైతేనే ఇది పెట్టుకోండి. ఎండాకాలంలో వద్దు, ఎందుకో కింద చెబుతాను. తినడానికి మా చెల్లెలు ఉదయగిరి నుంచి తెచ్చే చెక్క స్పూన్లు నాకు చాలా ఇష్టం. నోటికి మెత్తగా తగులుతాయి, చప్పుడు చెయ్యవు, పిల్లలు వాటిని తమ సొంతంగా దాచుకుంటారు. వాడికొకటి కొనివ్వండి.

గుడ్డు గట్టిగా ఉడికించి పెంకుతోనే పట్టుకెళ్లండి. ముందే వలిచి డబ్బాలో పెడితే ఆ వాసన అన్నిటికీ పడుతుంది, మీ బాబు తల తిప్పేది ముఖ్యంగా దానికే అయ్యుండొచ్చు. అక్కడ వాడి కళ్లముందు వలవండి, వాడినే ఒక ముక్క పెంకు తియ్యనివ్వండి. నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి, పచ్చసొన పొడిగా ఉండి గొంతుకు పట్టుకుంటుంది కాబట్టి పక్కన నీళ్లుండాలి. ఎండలో గంట దాటిన గుడ్డు పారెయ్యండి.

అరటిపండుకు దేవుడే డబ్బా ఇచ్చాడు. చిన్న చక్కెరకేళి వాడి చేతికి సరిపోతుంది. కోసి పెడితే నల్లబడుతుంది, నల్లబడిన ముక్కను ఈ వయసు పిల్లలు ముట్టరు. తొక్కతోనే పట్టుకెళ్లి సగం వరకే వలిచి ఇవ్వండి.

ఈ నాలుగింటికీ తోడుగా ఇంకో రెండు చెబుతాను, ఈ నెలలో ఇంట్లో అలవాటు చెయ్యగలిగితే చెయ్యండి. ఒకటి, ఆవిరి మీద ఉడికించిన చిలగడదుంప. దీన్ని గెణుసుగడ్డ అనేవాళ్లూ ఉన్నారు. తియ్యగా, మెత్తగా ఉంటుంది, చల్లారితే ఇంకా బాగుంటుంది, చేతికి అంటుకోదు. రెండోది పుట్నాల బిళ్లలు. ఒక గ్లాసు పుట్నాల పప్పు మెత్తగా పొడి కొట్టి జల్లించండి, రవ్వ మిగలకూడదు. అర గ్లాసుకు కొంచెం తక్కువ బెల్లం తురుము, ఒక ఏలక్కాయ పొడి వేసి, కరిగిన నెయ్యి పోస్తూ బాగా తడిగా కలపండి. ఉండలు చుట్టొద్దు, వేళ్లతో నొక్కి పల్చటి బిళ్లలు చెయ్యండి. పొడి ఉండ గొంతులో పట్టుకుంటుంది, గుండ్రటిది ఇంకా ప్రమాదం. రెండు మూడు రోజులు నిలవుంటాయి కాబట్టి ప్రయాణానికి ముందు రోజే చేసి పెట్టుకోవచ్చు. తీపి కాబట్టి ఒకటి, మహా అయితే రెండు. మినప సున్నుండ కూడా ఇలాగే బిళ్లలా నొక్కి ఇవ్వొచ్చు, కానీ అది అంగిలికి అంటుకుంటుంది, ముందు ఇంట్లో ఇచ్చి చూడండి.

ఎంత పెట్టాలన్నది కూడా ముఖ్యమే. ఒక్కో పదార్థం, బిడ్డ వయసులో ఏడాదికి ఒక పెద్ద చెంచా చొప్పున పెట్టాలనే లెక్క ఒకటుంది. మీ వాడికి రెండున్నర చెంచాలు. ఒక చిన్న ఇడ్లీ, పావు గుడ్డు, సగం అరటిపండు తింటే అది వాడికి నిండు తిండే. డబ్బా నిండుగా కనిపిస్తే పిల్లలు బెదిరిపోతారు. కొంచెం పెట్టండి, మిగతాది వేరే డబ్బాలో మీ సంచిలో ఉంచుకోండి.

ఇప్పుడు చెప్పబోయేది ఈ సమాధానంలో మిగతాదంతా మరిచిపోయినా గుర్తుపెట్టుకోవాల్సింది.

మా రెండోవాడికి రెండేళ్లప్పుడు కావలి నుంచి ఉదయగిరి బస్సులో వెళ్తున్నాం. వాడు ఏడుస్తుంటే, కిటికీలోంచి పొట్లం కొని రెండు శనక్కాయ గింజలు నా చేత్తోనే నోట్లో పెట్టాను. బస్సు గుంతలో పడి ఎగిరింది. వాడికి దగ్గు రాలేదు, ఏడుపు ఆగిపోయింది, మొహం రంగు మారింది. వెనక సీట్లో ఉన్న ఒక పెద్దాయన వాడిని లాక్కుని, తొడ మీద తల కిందికి వచ్చేలా బోర్లా వేసి, రెండు రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా కొట్టాడు. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో గింజ బయటపడింది. ఆయన పేరు కూడా అడగలేదు నేను. ముప్పై ఏళ్లయింది, ఇప్పటికీ బస్సులో చిన్నపిల్ల నోట్లో శనక్కాయ కనిపిస్తే లేచి వెళ్లి చెబుతాను.

నాలుగేళ్లు నిండేదాకా శనక్కాయ గింజలు, జీడిపప్పు, బాదం గింజలుగా ఇవ్వొద్దు. పొడి చేసి కలిపితే సరే. వేయించిన బటాణీలు, పుట్నాలు గింజలుగా, పాప్‌కార్న్, పాలకాయలు, గట్టి జంతికలు, చెక్కలు, పచ్చికొబ్బరి ముక్కలు, చెరకు ముక్కలు, గట్టి చాక్లెట్లు, జెల్లీ కప్పులు వద్దు. ద్రాక్ష గుండ్రంగా ఎప్పుడూ ఇవ్వొద్దు, నిలువునా నాలుగు చీలికలు చెయ్యండి. అడ్డంగా కోస్తే ఆ బిళ్ల సరిగ్గా గొంతుకు మూతలా సరిపోతుంది. సీతాఫలం, రేగుపండు, నేరేడు గింజ తీసి ఇవ్వాలి. సపోటాలో కూడా జారే గింజలుంటాయి. ఎండాకాలం మన దగ్గర రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతారు, పిల్లలకు మంచివే, కానీ అవి జారిపోతాయి, సన్నగా తరిగి ఇవ్వండి. బొరుగుల మిక్చరులో శనక్కాయలు దాక్కుని ఉంటాయి, ఏరకుండా ఇవ్వొద్దు.

తినేటప్పుడు కూర్చుని ఉండాలి. పరిగెత్తుతూ, పడుకుని, నవ్వుతూ తినకూడదు. కారులో వెనక సీట్లో వాడొక్కడే తింటుంటే ముందు కూర్చున్న మీకు తెలియదు. గొంతుకు అడ్డం పడిన బిడ్డకు చప్పుడు రాదు. కాబట్టి కారు ఆపి, దిగి, నీడన కూర్చోబెట్టి తినిపించండి. రైల్లోనైతే మీ పక్కనే, నిటారుగా.

ఒకవేళ అడ్డం పడి, బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, ఊపిరాడకపోతే ముందుకు వంచి, రెక్కల మధ్య అరచేతి కింది భాగంతో, అంటే మణికట్టు వైపు భాగంతో ఐదు దెబ్బలు వెయ్యండి. రాకపోతే వెనక మోకాళ్ల మీద కూర్చుని, పిడికిలి బొడ్డుకు పైన, ఎదురు రొమ్ము ఎముకకు కింద ఆనించి, లోపలికీ పైకీ ఐదుసార్లు గుంజండి. బయటికి వచ్చేదాకా రెండూ మార్చి మార్చి చెయ్యాలి. కనిపించని దాని కోసం నోట్లో వేలు పెట్టొద్దు, ఇంకా లోపలికి పోతుంది. పక్కవాళ్లను 108కి ఫోన్ చెయ్యమనండి. స్పృహ తప్పితే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఇవ్వడం మొదలుపెట్టాలి. ఈ పద్ధతి ఏడాది దాటిన పిల్లలకు. ఏడాదిలోపు వాళ్లకు పొట్ట మీద గుంజకూడదు. ఊళ్లో ఏ ఆసుపత్రిలోనైనా ప్రథమ చికిత్స నేర్పిస్తుంటే మీరూ, మీ వారూ ఒక పూట వెళ్లి నేర్చుకోండి. చదివి తెలుసుకోవడం వేరు, చేతికి అలవాటు కావడం వేరు.

ఎండ సంగతి చెబుతానన్నాను. వండిన తిండి మామూలు గది వేడిలో రెండు గంటలు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే గంటే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మార్చి నుంచి వానలు పడేదాకా అంటే దాదాపు ప్రతి పగలూ ఆ లెక్కలోకే వస్తుంది. ఎండలో నిలబెట్టిన కారు లోపల ఇంకా ఘోరం. ఎండాకాలం ప్రయాణమైతే అరటిపండు, బత్తాయి తొనలు, పుట్నాల బిళ్లలు, చిలగడదుంప, ఇంట్లో చేసిన మెత్తటి రొట్టె ముక్కలు వంటివే పెట్టుకోండి. బత్తాయి తొనకు పైపొర, గింజ తియ్యాలి. దుంపను కూడా ఆ గంటలోపే తినిపించండి. పాలు, పెరుగన్నం, గుడ్డు తీసుకెళ్లాలంటే మూత బాగా పట్టే చల్లసంచిలో గడ్డకట్టిన నీళ్ల సీసా పెట్టి, దానికి ఆనించి డబ్బా ఉంచాలి. వాడు సగం తిని వదిలేసిన డబ్బా మళ్లీ సాయంత్రానికి దాచొద్దు. చెంచాతో ఎంగిలి తగిలిన తిండి తొందరగా చెడుతుంది.

తాగడానికి నీళ్లే. ఇంటి నుంచి కాచి చల్లార్చినవి. తిండి తినడం లేదు కదా అని పాలసీసా ఇచ్చేస్తుంటారు, ఆకలి కాస్తా దాంతో చచ్చిపోతుంది. ఈ వయసులో రోజు మొత్తానికి అరలీటరు పాలు చాలు. అంతకు మించితే తిండి తగ్గి, రక్తం తక్కువయ్యే ప్రమాదం ఉంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పనికొచ్చేలా రెండు ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు సంచిలో ఉండాలి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి, ఒక లీటరు ప్యాకెట్‌కు కచ్చితంగా ఒక లీటరు నీళ్లే కలపాలి. తీపి పానీయాల డబ్బాలు ఓఆర్ఎస్ పేరుతో అమ్ముతుంటే 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ మాట వాడొద్దని ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా కనిపించినా, విరేచనాలైన బిడ్డకు అది పట్టకండి.

ఎప్పుడు ఇవ్వాలన్నది తల్లులు పట్టించుకోరు. రైలెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఏడ్చినప్పుడల్లా చేతికి ఏదో ఒకటి ఇస్తే, బిడ్డకు ఆకలి అంటే ఏమిటో తెలియదు. రెండు తిండ్ల మధ్య రెండు, రెండున్నర గంటలు ఉండాలి. ఒంగోలు నుంచి నెల్లూరుకు సుమారు 120 కిలోమీటర్లు, రైల్లో రెండు గంటల లోపే. నిజానికి ఆ ప్రయాణంలో వాడు తినకపోయినా ఏమీ కాదు. ఇంట్లో తినిపించి ఎక్కండి, సింగరాయకొండ దాటాక ఒక్కసారి డబ్బా తెరవండి. తింటే సంతోషం. తినకపోతే మూత పెట్టి, కిటికీలోంచి మేకలు, చెరువులు చూపించండి. నెల్లూరులో దిగాక అమ్మమ్మ ఇంట్లో అన్నం ఉంది.

ఎలిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు చెప్పిన మాట ఒకటి నాకు శిక్షణలో విన్న దగ్గర్నుంచి మనసులో ఉండిపోయింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డ పని. మనం మన పని వదిలేసి బిడ్డ పనిలోకి వెళ్తాం. ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ నోట్లో కుక్కడం అలాంటిదే. నాలుగు ముద్దలు లోపలికి పోతాయి, కానీ కడుపు నిండిందో లేదో వాడికి తెలియకుండా పోతుంది.

చిప్స్ గురించి అడిగారు. ఒక్కసారిగా మానిపిస్తే ప్లాట్‌ఫాం మీద పొర్లి ఏడుస్తాడు, చుట్టూ జనం చూస్తారు, మీరు లొంగిపోతారు. అప్పుడు గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకుంటాడు. నేను చెప్పేది ఇది: ప్యాకెట్ వాడి కంట పడనివ్వొద్దు. కొన్నాళ్ల పాటు రెండు బిస్కెట్లు, క్రీమ్ లేని మామూలివి, డబ్బాలో ఇడ్లీ పక్కనే పెట్టండి. "ఇడ్లీ తింటే బిస్కెట్ ఇస్తా" అనకండి. ఆ మాటతో బిస్కెట్ బహుమతి అవుతుంది, ఇడ్లీ శిక్ష అవుతుంది. రెండూ పక్కపక్కన ఉంటే ముందు బిస్కెట్లు తింటాడు, తిననివ్వండి. అవి రెండే, ఇంక లేవు. ఆకలుంటే చెయ్యి ఇడ్లీ మీదికి వెళ్తుంది. కొన్ని ప్రయాణాలకు ఒక బిస్కెట్ చేసి, తర్వాత దాని చోట పుట్నాల బిళ్ల పెట్టొచ్చు.

చుట్టాలతో ఇబ్బంది ఉంటుందని మీరు రాయకపోయినా నాకు తెలుసు. "బిడ్డ ఎంత చిక్కిపోయాడే, ఏం పెట్టడం లేదా?" అని మొదలుపెట్టి, లడ్డూ, మలై కాజా, కూల్‌డ్రింకు తెచ్చి నోటికి అందిస్తారు. వాళ్ల ప్రేమ అది. మీ అమ్మగారికి ముందే ఫోన్ చేసి, "అమ్మా, వాడు మధ్యాహ్నం నీ చేతి పెరుగన్నం తినాలి, అందుకని పదకొండు నుంచి ఏమీ పెట్టొద్దు" అని చెప్పండి. అమ్మమ్మకు ఒక పని అప్పగిస్తే, ఆవిడే మిగతావాళ్లను ఆపుతుంది.

ఇప్పుడు మీ రెండు ప్రయాణాలు. పెంచలకోనకు నెల్లూరు నుంచి పొద్దున్నే ఆరింటికే బయల్దేరండి. ఇంట్లో కాసిని పాలు తాగించి, దారిలో ఒకసారి ఆపి ఇడ్లీ పెట్టండి. గుడి దగ్గర డబ్బా తెరవాలంటే కోతులున్నాయేమో చూసుకోండి. అరటిపండు చేతిలో ఉన్న బిడ్డ మీదికి కోతి వస్తే, ఆ భయంతో వాడు మళ్లీ అరటిపండే ముట్టడు. ప్రసాదం పులిహోర అయితే శనక్కాయలు, మిరపకాయలు, ఆవాలు ఉంటాయి, ముందు మీరు తీసుకుని మెత్తటి నాలుగు మెతుకులే వాడికి పెట్టండి. చక్కెర పొంగలైతే జీడిపప్పు ఏరెయ్యండి.

మైపాడులో తిండి ముందు, సముద్రం తర్వాత. నీళ్లు చూశాక ఏ బిడ్డా తినడు, ఇసుక చేతులతో తింటే సగం ఇసుకే కడుపులోకి పోతుంది. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లే కాబట్టి, ఇంట్లో మామూలుగా తినిపించి సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. సముద్రంలో ఆడాక పిల్లలకు విపరీతమైన ఆకలి వేస్తుంది. ఎప్పుడూ తినని పిల్లలు కూడా అప్పుడు తింటారు. చేతులు కడగడానికి ఒక సీసా మంచినీళ్లు, తడి గుడ్డ, పొడి చొక్కా, డబ్బాలో చిలగడదుంప, అరటిపండు సిద్ధంగా ఉంచుకోండి. అక్కడ అమ్మే వేయించిన చేపలు వాడికి వద్దు, కారం, ముళ్లు రెండూ ఉంటాయి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలంటే, రెండు మూడు నెలలుగా బరువు పెరగకపోయినా, తగ్గినా, ఇదివరకు తిన్నవి ఒక్కొక్కటే మానేస్తున్నా, ముద్ద నోట్లో పడగానే ప్రతిసారీ వాంతికి వస్తున్నా, మొహం పాలిపోయినా, మట్టి, సున్నం, బలపం తింటున్నా ఆలస్యం చెయ్యొద్దు. మట్టి తినడం చాలాసార్లు ఐరన్ తక్కువైందనడానికి గుర్తు. ఐదేళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. నులిపురుగుల దినం ఫిబ్రవరి 10న ఉంటుంది, మళ్లీ ఆగస్టులో ఇస్తారు. బాబుకు ఇవి అందాయో లేదో మీ వీధి అంగన్‌వాడీలో అడగండి, అక్కడే బరువు కూడా తూయించండి. కడుపులో పురుగులుంటే మనం ఎంత మంచి డబ్బా కట్టినా ఆకలి వెయ్యదు.

తూయించాక వాడి బరువు, పొడుగు, పుట్టినప్పటి బరువు, రోజుకు ఎన్ని పాలు తాగుతున్నాడు అన్నవి ఇక్కడే కింద రాయండి. చూసి, పెంచలకోన రోజుకి ఏ వేళకు ఏమిటో నేనే రాసి పెడతాను.